ముగ్గు బండ కింది చాంబర్

ఆ సంగతి నాకు మొదట చెప్పింది మాకు పాలు పోసే ఆమె. కార్తీకం మొదలైన రోజులు. తెల్లారి నేను గేటు ముందు నీళ్లు చల్లి ముగ్గు వేస్తున్నాను. ఆమె క్యాను దించి, ముక్కు మీద అడ్డం పెట్టుకున్న కొంగు తీయకుండానే మాట్లాడింది.

"పక్కింటి మిషనామె ఇంట్లో లెట్రిన్ నీళ్లు ఎగదన్నినాయి అక్కా. వంటింటి గడప దాకా వచ్చినాయి. చీపురు పట్టుకొని తోస్తాంది పాపం. మీ ఇంట్లో ఎట్లుండాది?"

"మాకేం కాలేదే" అన్నాను.

"అదృష్టం మీది."

లోపలికి వెళ్లి మా బాత్రూంలో ఒక బకెట్ నీళ్లు గుమ్మరించి చూశాను. గుడగుడమని క్షణంలో దిగిపోయాయి. దేవుడి గది వైపు తిరిగి చేతులు జోడించాను, మా ఇంట్లోకి రానందుకు. ఆ బకెట్ నీళ్లు ఎక్కడికి పోయాయో నాకు ఆ రోజు తెలియదు. తెలిసిన తర్వాత కూడా ఆ దండాన్ని వెనక్కి తీసుకోవడం నా చేత కాలేదు.

నేను బడికి పోలేదు. బేతంచెర్లలో మా ఇంటి వసారాలో నల్లబండ మీద సుద్దముక్కతో మా నాయనే నాకు అక్షరాలు దిద్దించాడు. అక్షరం గుండ్రంగా రావాలని ఆయనకు శానా పట్టుదల. ఇంకొక అలవాటు కూడా చేశాడు. కంచం ముందు కూర్చున్నాక, అన్నం ముట్టుకునే ముందు, ఆ రోజు ఎవరి వల్ల మనకు ఏ మేలు జరిగిందో ఒక్కటైనా పైకి చెప్పాలి. పాలామె అయినా సరే, బస్సులో చోటిచ్చిన ముసలాయన అయినా సరే. పెళ్లై కల్లూరుకు వచ్చాక కూడా నేను ఆ అలవాటు మానలేదు. మా అత్త నవ్వేది. "మీ నాయన నీకు దండాలు పెట్టేది తప్ప ఇంకేం నేర్పలేదామ్మే?" అనేది.

నా కంచం ముందు ఎక్కువసార్లు వినపడిన పేరు పక్కింటి మిషనామెదే. మా వీధి వేయకముందు నుంచీ ఆమె అక్కడ ఉంది. మొగుడు చనిపోయాక ఇరవై ఏళ్లు కుట్టుమిషను తొక్కి, ఆ చిన్న ఇల్లు తనే కట్టుకుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేచింది, ఆమె ఇల్లు కిందికి దిగింది. మేము తర్వాత వచ్చి ఎత్తుగా కట్టుకున్నాం. నా కొలత ఆమెకు టేపు లేకుండా తెలుసు. నేను కాన్పుకు పోయి వచ్చినప్పుడు, "ఒక అంగుళం పెరిగినావు అక్కా" అని చూసి చెప్పింది. జాకెట్ తెచ్చి వేసుకుంటే సరిగ్గా సరిపోయింది.

ఇక చాంబర్ సంగతి. మా ఇంటి గొట్టం, ఆమె ఇంటి గొట్టం రెండూ మా గేటు ముందున్న ఒకే చాంబర్‌లో కలిసేవి. అంటే సిమెంటుతో కట్టిన చిన్న గుంట, పైన ఒక మూత. అక్కడి నుంచి ఒకే గొట్టం రోడ్డు మధ్యలోని మ్యాన్‌హోల్‌కు పోయేది. ఆ మూత సరిగ్గా నేను ముగ్గు వేసే చోట ఉండేది. మొదటి ఏడాదంతా నేను దాన్ని తప్పించి పక్కన ముగ్గు వేశాను. గడపకు ఎదురుగా లేని ముగ్గు, ముక్కు పక్కకు పోయిన మొహంలా ఉండేది. లక్ష్మి వచ్చే దారిలో ఆ మూత ఏంటని నా మనసు ఒప్పుకోలేదు. మా ఇంటాయనకు రోడ్డు మీద బండల దుకాణం ఉంది. ఒకరోజు అడిగాను. అత్త కాదు, ఆయన కాదు, నేనే అడిగాను. ఇది రాయకపోతే ఈ మిగతాదంతా రాయడం దండగ.

ఆయన బేతంచెర్ల బండలు తెప్పించి గేటు ముందంతా పరిపించాడు. మిషను పెట్టి పాలీషు చేశారు. బూడిదరంగు బురద వాకిలంతా పారింది. పనివాళ్లకు మజ్జిగ ఇచ్చి నేను లోపలికి పోయాను. వచ్చేసరికి బురద లేదు, చక్కగా ఊడ్చి పెట్టారు. ఆఖరి పెద్ద బండను మూత మీద పరిచి, సందుల్లో సిమెంటు పూశారు. ఆ బురద ఎక్కడికి పోయిందని నేను అడగలేదు. శుభ్రం చేసినందుకు వాళ్లకు దండం పెట్టాను. ఆ సాయంత్రం కంచం ముందు వాళ్ల పేరే చెప్పాను. మర్నాడు గడపకు ఎదురుగా, నడిమధ్యన, పద్మం ముగ్గు వేశాను.

అది నాలుగేళ్ల కిందటి మాట.

పాలామె వచ్చి చెప్పిన మూడోరోజున వార్డు సచివాలయం నుంచి ఇంజనీరు వచ్చాడు. మిషనామె అర్జీ పెట్టుకుంది. ఆయన బండి చప్పుడు వినగానే మా ఇంటాయన వరండాలోంచి లేచాడు. ఆయన అప్పటికి వారం కిందట అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. నేల మీద పడక, రెండు పూటలా చన్నీళ్ల స్నానం, ఒక్కపూట భిక్ష, నోట అబద్ధం రాకూడదు.

"చాంబర్ గురించి అడుగుతాడు. లేదని చెప్పు" అన్నాడు.

"ఉంది కదా స్వామీ" అన్నాను. మాల వేసుకున్నాక నేను కూడా స్వామీ అనే పిలవాలి.

"ఉండాదంటే ఇప్పుడే బండ పగలగొడతారు. సర్కారు చాంబర్ మూసినామని నోటీసు ఇస్తారు. మండలం దీక్షలో వాకిట్లో ఆ కంపు తెరిపిస్తావా? నేను మాలలో ఉండి అబద్ధం చెప్పగూడదు. నువ్వు చెప్పు."

అలా అని పూజగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇంజనీరు మర్యాదస్తుడు. మిషనామెను పక్కన నిలబెట్టుకొని నిదానంగా చెప్పాడు. "చూడమ్మా, ఇంట్లోంచి చాంబర్ దాకా ఇంటోళ్లది. రిపేరైనా మార్పైనా మీరే చేసుకోవాల. చాంబర్ నుంచి మ్యాన్‌హోల్ దాకా మాది. మా మనుషులొచ్చి చేస్తారు. ఇప్పుడు చాంబర్ యాడుందో చూపిచ్చు."

"ఈ బండ కిందే ఉండాది సార్. నా కళ్లతో చూసినా" అంది మిషనామె.

ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆ బండ మీదే నిలబడి ఉన్నాను. చేతివేళ్లకు ముగ్గుపిండి ఇంకా ఉంది.

"అమ్మా, మీరు చెప్పండి. ఈడ చాంబర్ ఉన్నిందా?"

"లేదు సార్" అన్నాను.

మిషనామె నోరు తెరిచి నన్ను చూసింది. కోపం లేదు. నేను మర్చిపోయానేమో అన్నట్టు చూసింది. "అక్కా, నువ్వు మూత పక్కన ముగ్గేస్తాంటివి కదా, గేటుకు ఈ పక్క?" అని గుర్తు చేసింది.

"లేదు" అన్నాను మళ్లీ.

"అట్లయితే ఒక మాట రాసివ్వండమ్మా. నేలమీద కనపడందే నేను ఉండాదని రాయలేను" అన్నాడు ఇంజనీరు. కాగితం తెచ్చి ఇచ్చాడు. రాసి సంతకం చేశాను. మా నాయన దిద్దించిన అక్షరాలతో.

ఆయన మిషనామెతో, "చాంబరే లేదంటే మీ ఇంటి నుంచి మ్యాన్‌హోల్ దాకా మొత్తం నీదే తల్లీ" అని బండెక్కాడు.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే నాకు ఒక్క మేలు కూడా గుర్తు రాలేదు. "ఏమ్మే, ఈ పొద్దు దండాల్లేవా?" అంది అత్త.

ఆ తర్వాత వీధి ఆమెను ఆడిపోసుకోవడం మొదలుపెట్టింది. గుడ్డ పీలికలు లెట్రిన్లో వేసి గొట్టం మూసేసుకుందని ఎవరు మొదట అన్నారో నాకు తెలియదు. మా అత్తే అయి ఉండవచ్చు. పెళ్లిళ్ల కాలం కదా, ఆమె ఇంట్లో జాకెట్లు గుట్టలుగా ఉండేవి. ఒక్కొక్కరూ వచ్చి కుట్టనివి కుట్టనట్టే పట్టుకుపోయారు. ఎదురింటి కోడలు గేటు బయటే నిలబడి ముక్కు మూసుకొని, "నా పట్టుచీర ఇచ్చెయ్ అత్తా, దానికి సెంటు కొట్టుకొని పెండ్లికి పోలేను" అంది. చుట్టూ నలుగురు నవ్వారు.

"సెంటు నేనే కొట్టి ఇస్తా, తీసుకో. దుబాయ్‌ది" అంది మిషనామె. నవ్వు ఆగింది. కానీ పట్టుకుపోయిన బట్టలు ఎవరూ వెనక్కి తెచ్చివ్వలేదు.

ఆమె కాళ్లకు పాలిథిన్ సంచులు కట్టుకొని మిషను తొక్కేది. నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఆమె కిటికీలోంచి చూశాను. ఎంత తోసినా పొద్దున, సాయంత్రం నీళ్లు ఎక్కేవి. సరిగ్గా మా ఇంట్లో దీక్షాస్నానాల వేళకు. మొదట్లో నేను దాన్ని పోల్చుకోలేదు. పోల్చుకోకూడదని అనుకున్నాను అనడమే నిజం.

పోల్చుకోక తప్పని రోజు పడిపూజనాడు వచ్చింది. ముప్పై మంది స్వాములకు మా ఇంట్లో భిక్ష. తెల్లారుజామున లేచి పులిహోర కలిపాను, సగ్గుబియ్యం పాయసం కాచాను. శరణుఘోషతో ఇల్లు దద్దరిల్లింది. మొదటి పంక్తి లేచింది, పెరట్లో అండాలు కడిగారు, రెండో పంక్తి కూర్చుంది. అప్పుడు మిషనామె ఒక స్టీలు పళ్లెం పట్టుకొని మా గేటు ముందుకు వచ్చింది.

"అక్కా, ఈ పొద్దు మీ ఇంట్లో పులిహోర, సగ్గుబియ్యం పాయసమా?"

ప్రసాదానికి వచ్చిందనుకున్నాను. సంతోషమేసింది కూడా, మాట కలిపిందని. "అవును, ఉండు, ఆకులో పెట్టి తెస్తా" అన్నాను.

"వద్దులే అక్కా. నా వంతు మా లెట్రిన్లోంచి వచ్చేసింది."

పళ్లెం ముందుకు చాపింది. కరివేపాకు, వేరుశనగ పప్పులు, ఉబ్బిన సగ్గుబియ్యం. వాటి చుట్టూ ఏముందో రాయను.

"మీ గొట్టం, నా గొట్టం యాడా కలవనట్లయితే ఇది నాకెట్ల వచ్చిండాది? నువ్వే చెప్పు. సదువుకున్నదానివి."

మా అత్త లోపలినుంచి పరుగున వచ్చింది. "ఏమ్మే, సిగ్గుండాదా! స్వాములు భిక్ష చేసే యాళకు ఆ కంపు మోసుకొని గడప తొక్కుతావా? నీ పాపం తగిలించడానికి ఇదే దొరికిందా?"

"నా పాపం కాదత్తా, మీ పాయసం."

పంక్తిలోంచి ఒక స్వామి లేచి వచ్చాడు. గొంతు పెంచకుండా, చేతులు జోడించి, "మాతా, దయచేసి అవతలికి పోండి. అంటవుతాది" అన్నాడు. అందరు ఆడవాళ్లనూ మాతా అని పిలవడం దీక్షలో నియమం. అంత మర్యాదగా ఒక మనిషిని తరమడం నేను అంతకు ముందు చూడలేదు. మా ఇంటాయన విస్తరి ముందు నుంచి తలెత్తలేదు. భిక్ష మధ్యలో మాట్లాడకూడదు కదా.

ఆమె పళ్లెం తీసుకొని వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట పసుపునీళ్లు చల్లమంది అత్త. చల్లాను.

అదే చాంబర్ మీద చల్లాను.

రెండు రోజుల తర్వాత మిషనామె గడ్డపార పనికి ఒక మనిషిని పిలిచి తన ఇంటి ముందు తవ్వించడం మొదలుపెట్టింది. అతను తవ్వుతుంటే తనే తట్టతో మన్ను ఎత్తింది. గొట్టం వెంబడే కాలువ సాగి సాగి మా బండ అంచుకు వచ్చి ఆగింది. గొట్టం బండ కిందికి దూరి ఉంది. చంటిపిల్లకు కూడా అర్థమవుతుంది.

"స్వామీ" అని పిలిచింది మా ఇంటాయనను. "ఇదో ఈడికి వచ్చినా. ఒక్క బండ లేపితే చాలు. నేనే లేపిచ్చి, నేనే మళ్లీ పరిపిస్తా."

"ఇరుముడి కట్టేది నాలుగు రోజుల్లో ఉండాది. ఇప్పుడు వాకిలి తవ్వేది లేదు. కొండకు పోయొచ్చినాక చూద్దాం."

కొండకు పోయి వచ్చాడు. అప్పటికి ధనుర్మాసం వచ్చింది. ముగ్గుల నెలలో వాకిలి పగలగొడతారా అంది అత్త. మిషనామె మళ్లీ సచివాలయానికి పోయింది. ఇంజనీరు మళ్లీ వచ్చాడు, కాలువలోకి తొంగి చూశాడు, తల గోక్కున్నాడు. అర్థమైంది ఆయనకు. కానీ సంచిలోంచి నా కాగితం తీసి ఆమెకు చూపించాడు.

"ఈయమ్మ లేదని రాసిచ్చింది. ఇప్పుడు ఉండాదని ఆమే మళ్లీ రాసియ్యాల. ల్యాకపోతే ఇంకొకరి ఇంటి ముందర బండ పగలగొట్టేది నా చేతిలో లేదు. పైకి రాయాల, నోటీసు పోవాల, నెలలు పడతాది."

మిషనామె కాగితాన్ని దగ్గరికి పట్టుకొని చదివింది. తర్వాత నా వైపు చూసింది.

"నీ రాత ముత్యాల్లా ఉండాది అక్కా."

ఇంజనీరు పెన్ను మూత తీసి నాకు చాపాడు. ఒక్క వాక్యం చాలు. మా ఇంటాయన మాల తీసేశాడు, ఇక ఆయనకు అబద్ధం అంటు కాదు, అయినా ఆయన మాట్లాడలేదు. వాకిట్లో నిలబడి నన్నే చూస్తున్నాడు. అత్త కిటికీలోంచి చూస్తోంది. నేను పెన్ను తీసుకోలేదు. "పొయ్యి మీద పాలున్నాయి" అని లోపలికి వచ్చాను. పొయ్యి మీద పాలు లేవు.

ఆ నెల చివరికి ఆమె కాలివేళ్ల సందులు పాసిపోయి, పుండ్లు పడి, చెప్పు ఎక్కడం మానింది. మిషను ఆగింది. మిషను ఆగితే ఆమె ఇంట్లో పొయ్యి కూడా ఆగుతుంది. ఆత్మకూరులో ఉన్న అన్న వచ్చి, ఇల్లు అమ్మేసి వెంట రమ్మన్నాడు. ఆ కంపు ఇంటిని కొనడానికి వచ్చినవాళ్లు చూసినట్టే వెనక్కి పోయారు. చివరికి మా ఇంటాయన కొన్నాడు. బండలు నిలవ పెట్టుకోవడానికి చోటు చాలడం లేదట. చౌకగా దొరికిందని అత్త ఆ రోజు వీధికంతా బెల్లం పంచింది.

పోయే రోజు మిషనామె కుంటుతూ మా గేటు దాకా వచ్చింది. బండ ఎక్కలేదు. అంచున నిలబడి ఒక పొట్లం అందించింది. కార్తీకానికి ముందు నేను కుట్టమని ఇచ్చిన జాకెట్. ఆ సంగతే మర్చిపోయాను.

"రెండుసార్లు ఉతికి సాంబ్రాణి పట్టినా. కంపు రాదు. చేతుల దగ్గర ఒక కుట్టు వదిలినా, లావైతే విప్పుకోవచ్చు" అంది. "వస్తా అక్కా."

ఆమె నన్ను తిట్టి ఉంటే తిట్టించుకునేదాన్ని. ఆమె కుట్టు వదిలి పోయింది.

ఇల్లు మా చేతికి వచ్చిన వారానికి మా ఇంటాయన ఇద్దరు మనుషులను పిలిపించి బండ లేపించాడు. ఇప్పుడు ఆ కంపు ఆ ఇంట్లో నిలవ పెట్టే బండలు చూడటానికి వచ్చే గిరాకీలకు తగులుతుంది కదా. దీక్ష లేదు, ముగ్గుల నెల లేదు, నోటీసు లేదు. పూట పని. మూత ఎత్తి వెదురు బద్ద దించితే అది టక్కుమని ఆగింది. లోపలికి దిగినతను గడ్డపారతో కొట్టి ఒక పెళ్ల పైకి విసిరాడు. బూడిదరంగు, గట్టిగా, రాయిలా.

"ఇది గుడ్డ కాదమ్మా" అన్నాడు. "పాలీషు బురద. బండలు వేసేటోళ్లు ఊడ్చి ఇందులో తోసినారు. గట్టిపడి గొట్టం నోరు సగం మూసింది. దీనిమీద మీ దీపం వత్తులు, కొబ్బరి పీచు, పసుపు, అన్నం. నాలుగేళ్లకు పూర్తిగా పూడింది."

"గుడ్డ పీలికలు లేవా?" అని అడిగాను.

"ఒక్కటి లేదు."

ఆ పెళ్ల మా బండల నుంచే వచ్చింది. ఆ రోజు ఊడ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి, దండం పెట్టి, కంచం ముందు వాళ్ల పేరు చెప్పింది నేను. లోపలినుంచి అత్త, "వీధిలో వాగొద్దు ఎవురూ" అంది. ఎవరూ వాగలేదు. మర్నాటికి కొత్త బండ పరిచారు, ఈసారి లేపడానికి ఇనుప కడియం పెట్టి. మా నీళ్లు ఇప్పుడు రోడ్డు కిందికే పోతున్నాయి. వీధిలో ఇంకా, ఆ మిషనామె గుడ్డలేసి గొట్టం మూసింది అనే చెప్పుకుంటారు.

మొన్న ఆత్మకూరుకు పోయొచ్చిన పాలామే చెప్పింది. మిషనామె కాలి వేళ్లు రెండు తీసేశారట. మిషను తొక్కలేక అన్న ఇంట్లో ఒక మూల చేతికుట్టు, హెమ్మింగు చేస్తోందట. "మిమ్మల్ని అడిగింది అక్కా, జాకెట్ సరిపోయిందా అని" అంది పాలామె. సరిపోయింది. వేసుకోలేదు.

నేను ఆత్మకూరు పోలేదు. నాకు ధైర్యం లేదు. కాబట్టి ఇది చదివేవారిని ఒకటి అడుగుతాను. నన్ను క్షమించమని కాదు, నన్ను మర్చిపోండి. రేపు పొద్దున మీ వాకిట్లో నీళ్లు చల్లేటప్పుడు, మీ దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు, అన్నం ముట్టుకునే ముందు, ఒక్కసారి ఆమెను తలుచుకోండి. పేరు అక్కరలేదు. కల్లూరులో జాకెట్లు కుట్టేది, గొట్టంలో ఒక్క పీలిక కూడా వేయలేదు అని అనుకుంటే చాలు.